ఇంటి కరెంటుకు నెల లెక్క కాదు, ఏడాది లెక్క కావాలి

రేషన్ కార్డు ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. 2024 ఫిబ్రవరి 27న గృహజ్యోతి పథకం ప్రారంభించి, ఆ మార్చి నుంచి సున్నా బిల్లులు ఇస్తున్నారు. మంచి పనే. పేదోడి ఇంట్లో నెలనెలా నాలుగైదు వందలు మిగలడమంటే మాటలు కాదు. ఉప్పు పప్పుకో, పిల్లల నోటు పుస్తకాలకో, బర్రెకు దాణాకో ఆ డబ్బు అక్కరకొస్తుంది. దీన్ని తప్పుపట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

కానీ ఈ పథకంలో ఒక మెలిక ఉంది. అది జూలైలో కనబడదు, డిసెంబరులో కనబడదు. సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో కనబడుతుంది. 200 యూనిట్లు దాటిందంటే దాటిన యూనిట్లకు మాత్రమే కాదు, మొదటి యూనిట్ నుంచి మొత్తం బిల్లు కట్టాల్సిందే. 200 దగ్గర సున్నా. 201 దగ్గర వెయ్యి పైన. ఒక్క యూనిట్‌కు ఇంత ఖరీదు లోకంలో ఎక్కడైనా ఉంటుందా అని రైతులు అడుగుతున్నారు. అడగడంలో తప్పేముంది?

లెక్క చూద్దాం. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం, నెల వాడకం 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు యూనిట్‌కు 3 రూపాయల 40 పైసలు, తర్వాతి 100కు 4 రూపాయల 80 పైసలు. అంటే 200 యూనిట్ల అసలు ఖరీదు 820 రూపాయలు. దీన్ని ప్రభుత్వం భరిస్తుంది. వాడకం 200 దాటిందో, లెక్కే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకు కూడా 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020 రూపాయలు, ఆపైన 300 దాకా ప్రతి యూనిట్‌కూ 7 రూపాయల 70 పైసలు. కాబట్టి 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. కస్టమర్ చార్జీలు, సుంకం వగైరా వేరే. ఇక్కడ రైతుకు రెండు దెబ్బలు. ఉచితం పోయింది, పైగా రేటు పెరిగింది.

ఎవరు దాటుతున్నారు?

ఏసీలు పెట్టుకున్నవాళ్లే 200 దాటుతారు, వాళ్లు కట్టుకోలేరా అని పట్నంలో కూర్చున్నవాళ్లు అంటారు. ఊళ్లోకి వచ్చి చూస్తే సంగతి తెలుస్తుంది. నల్లగొండ జిల్లాలో దేవరకొండ నుంచి హాలియా దాకా ఎండాకాలం తిరిగి చూడండి. సిమెంటు రేకుల కింద పగటిపూట మనిషి కూర్చోలేడు. పొద్దున ఆరింటికి చేనుకు పోయిన రైతు పదకొండుకు ఇంటికొస్తాడు. సాయంత్రం నాలుగు దాకా మళ్లీ బయట కాలు పెట్టలేడు. అంటే ఎండ నడినెత్తిన ఉన్న ఐదు గంటలూ ఆ రేకుల కిందే ఉండాలి. డాబా ఇల్లయితే ఇంకో రకం. పగలంతా స్లాబు ఎండను తాగి, రాత్రి పదకొండు పన్నెండు దాకా లోపలికి వేడి కక్కుతూనే ఉంటుంది. రేకులు తొందరగా వేడెక్కి తొందరగా చల్లారతాయి, స్లాబు నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది. పగలు ఒకటి, రాత్రి ఒకటి చంపుతుంది. పాత గూన పెంకుల ఇళ్లు ఈ విషయంలో ఎంతో నయం. కోతుల బాధ పడలేక వాటిని పీకి రేకులు వేసుకున్నవాళ్లే ఊరికి సగం మంది ఉన్నారు, అది వేరే కథ.

ఎకరంన్నర భూమి, రెండు బర్రెలు ఉన్న ఒక ఇల్లు ఊహించుకుందాం. మొగుడు పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. రెండు గదులు, ముందు వసారా. మే నెలలో ఈ ఇంటి కరెంటు ఇలా కాలుతుంది. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. గదుల్లో రెండు ఫ్యాన్లు రోజుకు 16 గంటలు, వసారాలోది 12 గంటలు తిరిగితే మూడింటికీ కలిపి నెలకు 99 యూనిట్లు. ముసలామె కోసం కొన్న చిన్న కూలర్ 180 వాట్లది, రోజుకు 8 గంటలు వేస్తే 43 యూనిట్లు. పాల గిన్నె, కూరగాయలు పెట్టుకునే పాత ఫ్రిజ్ 36. టీవీ 9, బల్బులు 6. నీళ్లు ఎక్కించే అర హార్స్‌పవర్ మోటారు రోజుకు అరగంట నడిస్తే 6. అంతా కలిపితే 199. అమ్మయ్య, గీత దాటలేదు అనుకునేలోపు బర్రెలకు గడ్డి కత్తిరించే మిషను ఉంది కదా. 2 హార్స్‌పవర్ మిషను రోజుకు ఇరవై నిమిషాలు తిప్పినా నెలకు 15 యూనిట్లు. మొత్తం 214.

ఈ ఇంట్లో ఏసీ లేదు. వాషింగ్ మిషను లేదు. ఉన్నదల్లా గాలి, నీళ్లు, గడ్డి. అయినా మే నెల బిల్లు 1,127 రూపాయల 80 పైసలు, ఇతర చార్జీలు అదనం. దాటిన 14 యూనిట్ల వరకే వేసుంటే 107 రూపాయల 80 పైసలు అయ్యేది.

మే నెలలో చిన్న రైతు చేతిలో డబ్బు ఉంటుందా? యాసంగి వడ్లు కాంటా అయినా పైసలు ఖాతాలో పడి ఉండవు, పడినా దున్నకానికి, విత్తనాలకు, ఎరువులకు దాచుకోవాలి. జూన్‌లో బడి తెరుస్తారు. సరిగ్గా ఆ అదునులో వెయ్యి రూపాయల బిల్లు చేతిలో పెడుతున్నారు. బిల్లు చూసి ఏం చేస్తారు? మరుసటి నెల ఫ్యాను కట్టేస్తారు. కూలర్ మూల పెడతారు. ముసలామె వేపచెట్టు కింద మంచం వేసుకుంటుంది, మధ్యాహ్నం వడగాలి ఆ మంచం మీదుగానే పోతుంది.

ఇది చిన్న విషయం కాదు. 2015 మే నెల వడగాడ్పులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో కూలీలు, ముసలివాళ్లే ఎక్కువ. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామంది. అదీ మంచిదే. కానీ చనిపోయాక 4 లక్షలు ఇచ్చే సర్కారు, చావకుండా ఫ్యాను కింద పడుకున్న నెలలో ఉచిత కరెంటు తీసేయడం ఏం లెక్కో అర్థం కాదు.

చెరువు లెక్క వేయండి

రైతుకు తెలిసిన లెక్కతో చెబుతాను. చెరువులో నీళ్లు వానాకాలం నిండుతాయి, ఎండాకాలం వాడుకుంటాం. వానాకాలం వాడని నీళ్లను ఏ నెలకు ఆ నెల కింద వదిలేసి, ఎండాకాలం వచ్చాక నీ వాటా అయిపోయింది అంటే ఆ చెరువు ఎందుకు? గృహజ్యోతి ఇప్పుడు అట్లాగే ఉంది.

పైన చెప్పిన ఇంటి ఏడాది వాడకం చూడండి. ఏప్రిల్, మే నెలలకు 214 చొప్పున 428. మార్చి, జూన్ నెలలకు 170 చొప్పున 340. జూలై నుంచి అక్టోబరు దాకా నెలకు 120 అనుకుంటే 480. చలికాలం నాలుగు నెలలు ఫ్యాన్లు పెద్దగా తిరగవు, నెలకు 80 చొప్పున 320. మొత్తం 1,568 యూనిట్లు. నెలకు 200 చొప్పున ఏడాదికి ప్రభుత్వం ఇస్తానన్నది 2,400. అంటే ఈ ఇల్లు తనకు ఇస్తామన్నదాంట్లో 832 యూనిట్లు వాడనే లేదు. అయినా రెండు నెలలకు కలిపి 2,255 రూపాయలు కట్టింది. వాడనివి పోయాయి, వాడినందుకు దండుగ పడింది.

అందుకని అడగాల్సింది ఒకటే. నెలకు 200 అనే గీత తీసేసి ఏడాదికి 2,400 యూనిట్లు అనాలి. చలికాలంలో మిగిలినవి ఎండాకాలానికి జమ కావాలి. 2,400 దాటాక ఎవరైనా కట్టాల్సిందే, అందులో ఎవరికీ పేచీ లేదు.

ఇది కుదరని పని అని అధికారులు అంటారేమో. మిషనులో అట్లా లెక్క రాదు, నెలనెలా రీడింగు తీసేది అందుకే అంటారు. అదే మిషను, అదే కంపెనీ, మిద్దె మీద సోలార్ పలకలు పెట్టుకున్నవారి దగ్గర మాత్రం ఒక నెల మిగిలిన యూనిట్లను తర్వాత నెలలకు జమ చేస్తూనే ఉంది. సోలార్ పెట్టుకున్న ఆసామికి కుదిరిన లెక్క రేకుల ఇంటాయనకు ఎందుకు కుదరదు?

సర్కారుకు ఖర్చు పెరుగుతుంది అంటే, ఆ మాటలో కొంత నిజం ఉంది. కొంత పెరుగుతుంది. ఏడాది లెక్క అయితే కొందరు ఎండాకాలం చూసుకోకుండా వాడతారు కూడా. కాదనను. అంత భరించలేమంటే కనీసం దాటిన యూనిట్లకు మాత్రమే బిల్లు వేయండి. మార్చి నుంచి జూన్ దాకా నాలుగు నెలలకైనా గీతను 300కు జరపండి. ఈ మూడింటిలో ఏదీ చేయకుండా పేదలకు కరెంటు ఉచితం అని గోడల మీద రాయడం మాత్రం బాగాలేదు.

వేరే రాష్ట్రాల్లో గీతలు వేరే రకంగా గీశారు. తమిళనాడులో 2016 మే నెలలో మొదలైన పద్ధతిలో, రెండు నెలలకోసారి వచ్చే బిల్లులో మొదటి 100 యూనిట్లు ఉచితం. ఎక్కువ వాడినా ఆ 100 పోవు. ఇచ్చింది తక్కువే, కానీ లాక్కోరు. ఢిల్లీలో 2019 ఆగస్టులో పెట్టిన పద్ధతిలో 200 దాకా సున్నా, అక్కడి నుంచి 400 దాకా సగం బిల్లు రాయితీ, 800 రూపాయలకు మించకుండా. మెట్టు దిగినట్టు ఉంటుంది గానీ బావిలో పడ్డట్టు ఉండదు. కర్ణాటకలో 2023లో పథకం మొదలుపెట్టినప్పుడు ఒక్కో ఇంటికి ఆ ఇంటి 2022-23 సగటు వాడకం మీద పది శాతం కలిపి గీత పెట్టారు. తక్కువ వాడేవాళ్లకు ఆ పది శాతం ఏ మూలకూ సరిపోక, 2024 జనవరిలో నెలకు 48 యూనిట్ల లోపు వాడేవారికి శాతం తీసేసి 10 యూనిట్లు కలిపారు. అంటే గీత తప్పుగా ఉంటే మార్చుకోవచ్చు, ప్రభుత్వాలు మార్చుకున్నాయి కూడా. మన దగ్గర మాత్రం ఎందుకు మారకూడదు?

బావి దగ్గర మోటారుకు 2004 నుంచి ఉచిత కరెంటు ఉంది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు అన్నారు. పంటకు నీళ్లు ఎక్కువ పారించావని ఏ రైతుకూ ఒక నెల మొత్తం బిల్లు వేయలేదు. ఎండాకాలం పైరుకు తడి ఎక్కువ కావాలని అందరికీ తెలుసు. ఆ పైరు పెట్టిన మనిషికి ఎండాకాలం గాలి ఎక్కువ కావాలన్నది ఎందుకు తట్టలేదో.

తక్కువ వాడితే తక్కువ సాయం

ఇంకో సంగతి కూడా గమనించాలి. ఊళ్లో ఒంటరి ముసలమ్మ ఇంట్లో ఒక ఫ్యాను, రెండు బల్బులు. నెలకు 40 యూనిట్లు. 50 లోపు వాడేవారికి యూనిట్ 1 రూపాయి 95 పైసలే కాబట్టి ఆమె బిల్లు 78 రూపాయలు. ప్రభుత్వం ఆమెకు చేసే సాయం అంతే. అదే 199 యూనిట్లు వాడే ఇంటికి చేసే సాయం 815 రూపాయలు. పది రెట్లకు పైగా. ఏమీ లేనివాళ్లకు తక్కువ, కాస్త ఉన్నవాళ్లకు ఎక్కువ. ఆమెకు కావల్సింది ఉచిత యూనిట్లు కాదు, వాటిని వాడుకోవడానికి ఆమె దగ్గర వస్తువే లేదు. ఆమెకు కావల్సింది నెత్తి మీద కాస్త చల్లటి కప్పు, గాలి వచ్చే మంచి ఫ్యాను.

అమెరికాలో పేదల ఇళ్లకు చలికాలం వేడికి, ఎండాకాలం చల్లదనానికి అయ్యే బిల్లుల్లో సాయపడే పథకం 1981 నుంచి ఉంది. అందులో నచ్చిన సంగతి ఒకటుంది. రాష్ట్రాలు తమకొచ్చిన సొమ్ములో 15 శాతం దాకా బిల్లులకు కాకుండా ఇంటి మరమ్మతులకు, అంటే కప్పు, తలుపులు, కిటికీల సందుల నుంచి వేడి చలి దూరకుండా చేయడానికి వాడుకోవచ్చు. ఏటేటా బిల్లు కట్టే బదులు ఇంటినే బాగుచేస్తే బిల్లే తగ్గుతుంది గదా అన్నది వాళ్ల లెక్క. మనకు చలి బాధ తక్కువ, ఎండ బాధ ఎక్కువ. లెక్క మాత్రం అదే.

తెలంగాణలో 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం ఒకటి ప్రకటించారు. దేశంలో ఇట్లాంటిది మొదటిదని చెప్పారు. ఎండను వెనక్కి కొట్టే తెల్లని రంగో, పలకలో, పొరో కప్పు మీద వేయాలన్నది అందులో సారాంశం. ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులు చల్లబరచాలని పెట్టుకుంటే, అందులో 200 హైదరాబాద్‌కే, మిగతా రాష్ట్రమంతటికీ కలిపి 100. సొంత ఇళ్ల విషయంలో 600 చదరపు గజాలు, ఆపైన స్థలం ఉన్నవాటికే తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఇష్టముంటే చేసుకోవచ్చు అన్నారు. మన ఊళ్లో రేకుల ఇంటాయనకు ఇష్టం లేక కాదు, చేతిలో పైసలు లేక చేసుకోడు. ఇష్టానికి వదిలేసిన చోటనే సాయం పెట్టాలి.

ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షల రూపాయల చొప్పున ఇస్తున్నారు. ఊరూరా స్లాబులు పడుతున్నాయి. చివరి బిల్లు ఇచ్చేముందు స్లాబు మీద తెల్ల పూత ఉందా లేదా చూస్తే చాలు, పెద్దగా ఖర్చు లేకుండా వేల ఇళ్లు చల్లబడతాయి. ఈ ముక్క హౌసింగ్ ఇంజనీర్లకు తెలియనిది కాదు.

అంతదాకా మనం చేసుకోగలిగింది

సర్కారు కదిలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం. కొన్ని పనులు చిన్నవే, ఉపయోగం ఎక్కువ.

మొదటిది ఫ్యాను. బీఎల్‌డీసీ అని కొత్త రకం ఫ్యాన్లు వస్తున్నాయి. పాతవి 75 వాట్లు లాగితే ఇవి 30 వాట్ల చుట్టుపక్కల లాగుతాయి. గాలి తక్కువేమీ కాదు. పైన చెప్పిన ఇంట్లో మూడు ఫ్యాన్లూ మారిస్తే నెలకు సుమారు 59 యూనిట్లు తగ్గుతాయి. 214 కాస్తా 155 అవుతుంది. గడ్డి మిషను నడిపినా, కూలర్ వేసినా సున్నా బిల్లే. అయితే ఒక్కో ఫ్యాను ధర మామూలు ఫ్యాను కంటే బాగా ఎక్కువ. ఒకేసారి మూడు కొనలేనివారు ఎక్కువసేపు తిరిగే గదిలో ముందు ఒకటి మార్చండి. నెలకు 21 యూనిట్లు తగ్గినా ఈ ఇల్లు గీత కిందికి వచ్చేస్తుంది. 2015లో మొదలైన ఉజాలా పథకంలో ఎల్‌ఈడీ బల్బులు తక్కువ ధరకు పంచితే ఊళ్లో గుండు బల్బులు మాయమయ్యాయి. ఫ్యాన్లనూ అట్లాగే రేషన్ కార్డు మీద సగం ధరకో, వాయిదాల మీదో ఇస్తే సర్కారుకే లాభం. ఇంటింటికీ తగ్గిన యూనిట్ల డబ్బు అది డిస్కంకు కట్టనక్కర్లేదు కదా.

రెండోది కప్పు. ఫిబ్రవరి ఆఖరుకో మార్చి మొదట్లోనో రేకుల మీద, స్లాబు మీద సున్నం రెండు మూడు పూతలు వేయండి. సున్నంలో కాస్త తెల్ల సిమెంటో, జిగురో కలిపితే తొందరగా రాలదు. హైదరాబాద్‌లో దేవరకొండ బస్తీ అనే చోట 2017లో పేదల ఇళ్ల కప్పుల మీద తెల్లని పొర పరిచి చూస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనకండి, నలభై నాలుగు ఎండలో ఆ రెండే నిద్రకూ జాగారానికీ తేడా. వాన పడితే సున్నం పోతుంది, ఏటా వేసుకోవాల్సిందే. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. సిమెంటు రేకులు పాతబడితే అడుగు వేయగానే విరుగుతాయి. రేకు మీద నేరుగా కాలు పెట్టకుండా, అడ్డ దూలం ఉన్నచోట చెక్క వేసుకుని నడవాలి. పాత ఆస్బెస్టాస్ రేకులను పొడిగా గీకొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్లు చల్లి, మెత్తగా తుడిచి పూత వేయండి.

సున్నం కూడా కష్టమనుకుంటే మన పెద్దలు చేసిందే ఉంది. రేకులకు మూరెడు ఎత్తున పందిరి వేసి సొర, బీర పాకించండి. జనవరి చివర్లో గింజ పెడితే ఏప్రిల్‌కు కమ్ముకుంటుంది. గిన్నెలు కడిగిన నీళ్లు దానికి చాలు. తాటాకు పందిరైనా సరే. రేకుల మీద నేరుగా గడ్డి కప్పే అలవాటు మాత్రం మానండి, ఎండాకాలం ఒక్క నిప్పురవ్వ చాలు.

మూడోది మీటరు. అన్నదమ్ములు వేరు పడ్డా చాలా ఇళ్లలో తండ్రి పేరు మీదున్న ఒక్క మీటరే నడుస్తోంది. రెండు పొయ్యిలు, రెండు రేషన్ కార్డులు, ఒకే మీటరు. ఇద్దరి వాడకం కలిస్తే చలికాలంలో కూడా 200 దాటుతుంది. వాటా విడిగా ఉంటే రెండో సర్వీసుకు దరఖాస్తు పెట్టుకోండి. ఒకసారి ఖర్చు, ఆనక ఇద్దరికీ లాభం. కౌలు రైతులు, కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు కూడా ఈ పథకానికి అర్హులే. ఇల్లు గలాయన ఒప్పుకోడేమో అని ఊరుకోకండి. 2025లో కొత్త రేషన్ కార్డులు వచ్చినవాళ్లలో ఇంకా సున్నా బిల్లు రానివాళ్లు ఉంటే, కార్డు, ఆధార్, కరెంటు బిల్లు పట్టుకుని ఎంపీడీవో కార్యాలయంలో అడగండి.

బిల్లు చేతికి రాగానే మడిచి చూరులో దోపకండి. అందులో పోయినసారి రీడింగు తేదీ, ఈసారి రీడింగు తేదీ రెండూ ఉంటాయి. ఎన్ని రోజులకు తీశారో లెక్కపెట్టండి. ముప్పై రోజులకు మించి ఆలస్యంగా తీసి, యూనిట్లు 200 దాటించి బిల్లు కొట్టి ఉంటే, ముప్పై రోజులకు ఎంత పడుతుందో తేల్చమని సెక్షన్ ఆఫీసులో రాసివ్వండి. 1912 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. రీడింగు తీసే పిల్లగాడి మీద అరిచి లాభం లేదు, అతను ఎన్ని ఊళ్లు తిరగాలో అతనికే తెలుసు.

వంట గ్యాసుకు 500 రూపాయల సిలిండరు, కేంద్రం ఉజ్వల కింద ఇచ్చే 300 రూపాయలు, ఇవన్నీ ఇంటి ఖర్చుకు సాయాలే. కానీ వాటిలో ముందు పూర్తి ధర కట్టి తర్వాత ఖాతాలో డబ్బు పడేదాకా ఎదురుచూడాలి. గ్యాసు సంగతి మరోసారి వివరంగా రాస్తాను.

ఎవరిని అడగాలి?

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. లైన్‌మన్‌ను నిలదీస్తారు, ఏఈ ఆఫీసు ముందు కూర్చుంటారు. వాళ్ల చేతిలో ఏమీ లేదు. రేట్లు నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి. ఉచితం ఇచ్చేది, గీత పెట్టింది ప్రభుత్వం. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఎవరికైనా రాయితీ ఇవ్వాలంటే ఆ సొమ్ము ప్రభుత్వమే ముందుగా డిస్కంకు కట్టాలి. కాబట్టి గీత మార్చమని అడగాల్సింది ప్రభుత్వాన్నే. స్లాబు దాటగానే మొదటి యూనిట్ రేటు కూడా పెంచే పద్ధతి మీద అయితే, నియంత్రణ మండలి రేట్ల ప్రతిపాదనల మీద బహిరంగ విచారణ పెట్టినప్పుడు ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు, వెళ్లి మాట్లాడవచ్చు. లాయరు అక్కర్లేదు. పరిశ్రమలవాళ్లు ఏటా వెళ్తారు, మాట్లాడతారు. చిన్న రైతు ఇంటి ఫ్యాను గురించి మాట్లాడేవాళ్లే అక్కడ తక్కువ.

ఊళ్లలో 2025 డిసెంబరు ఎన్నికల్లో గెలిచిన సర్పంచులు ఉన్నారు. గ్రామసభలో ఒక తీర్మానం చేయించడం పెద్ద పని కాదు. నెలకు 200 బదులు ఏడాదికి 2,400 యూనిట్ల లెక్క కట్టాలని, కుదరకపోతే దాటిన యూనిట్లకే బిల్లు వేయాలని, రేకుల ఇళ్ల కప్పులకు సాయం చేయాలని మూడు ముక్కలు రాసి ఎమ్మెల్యేకు, కలెక్టరుకు ఒక్కో ప్రతి ఇవ్వండి. ఉత్త తీర్మానం అయితే ఫైల్లో పడి ఉంటుంది. ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో 200 దాటినవాళ్ల బిల్లుల జిరాక్సులు, అవే ఇళ్ల డిసెంబరు, జనవరి బిల్లుల జిరాక్సులు పక్కపక్కన పెట్టి జతచేయండి. ఒక్కో దాని మీద సర్వీసు నంబరు కనబడేట్టు చూసుకోండి.